డబ్బులు కట్టారు, డొమైన్ ఇంకా పెండింగ్‌లోనే: ఒక డబ్ల్యూహెచ్ఎమ్‌సీఎస్ రిపేరు డైరీ

శనివారం

విజయవాడలో ఒక చిన్న హోస్టింగ్ ఆఫీసు, డొమైన్లు, అంటే వెబ్‌సైట్ పేర్లు అమ్ముతారు, షేర్డ్ హోస్టింగ్ ఇస్తారు, బిల్లింగ్ మొత్తం డబ్ల్యూహెచ్ఎమ్‌సీఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే. వాళ్ళ ఇబ్బంది ఒకటే, కస్టమర్ డబ్బులు కట్టాక డొమైన్ కొన్నిసార్లు నిమిషంలో రిజిస్టర్ అయిపోతోంది, కొన్నిసార్లు మర్నాడు మధ్యాహ్నానికి గానీ అవ్వట్లేదు, ఏది ఆగుతుందో ఏది వెళ్తుందో ముందు తెలీదు. రోజూ పొద్దున్నే సపోర్ట్ చూసే తమ్ముడు వచ్చి పెండింగ్ లిస్టు తెరిచి, ఒక్కొక్కదానికీ పేమెంట్ పడిందా లేదా అని గేట్‌వే (ఆన్‌లైన్లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) డాష్‌బోర్డులో వెతికి, పడినవాటికి చేత్తో రిజిస్టర్ బటన్ నొక్కుతున్నాడు. దీన్ని మొదలంటా పట్టుకుని సరిచేయమని నన్ను పిలిచారు.

ఇది చిన్న ఆలస్యం అని సర్దుకుపోకూడదని ఓనర్ గారికి మొదటి రోజే చెప్పా. కార్ట్‌లో వేసినా, ఆఖరికి డబ్బు కట్టినా కూడా, ఆ పేరుని మన కోసం ఎవరూ ఆపి ఉంచరు, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు కుదరదు ఇక్కడ. సెర్చ్‌లో "అందుబాటులో ఉంది" అని చూపించింది ఆ సెకనుకి మాత్రమే నిజం. రిజిస్ట్రార్ (మనకి పేర్లు రిజిస్టర్ చేసిపెట్టే కంపెనీ) దగ్గర్నుంచి రిజిస్ట్రీకి (పేర్ల అసలు పట్టిక ఉండే చోటు) ఈపీపీలో, అంటే ఆ రెండూ మాట్లాడుకునే భాషలో, క్రియేట్ కమాండ్ వెళ్ళి, పని అయిందనే 1000 కోడ్ తిరిగొచ్చేదాకా ఎవరైనా తీసేసుకోవచ్చు, .కామ్ అయితే వెరిసైన్ దగ్గర, .ఇన్ అయితే నిక్సీ చూసే రిజిస్ట్రీలో, ఎవరి కమాండ్ ముందు చేరితే పేరు వాళ్ళదే. భీమవరంలో రొయ్యల మేత షాపు పెడుతున్న ఒకాయన రాత్రి తొమ్మిది దాటాక యూపీఐలో కట్టి, షాపు బోర్డు రాసేవాడికి వెబ్‌సైట్ పేరు కూడా చెప్పేశారు, పొద్దున ఫోన్ చేసి "పేరు నాకొచ్చేసినట్టేనా అండీ" అని అడిగితే మన తమ్ముడి దగ్గర సమాధానం లేదు. ఆయనకి వచ్చింది, కానీ మధ్యాహ్నం. ఆ మధ్యలో ఎవరైనా కొట్టేసుంటే మనం డబ్బు వెనక్కి ఇవ్వగలం గానీ బోర్డు మీద పేరు మార్చలేం కదా.

శనివారం రాత్రి

ఏదైనా సెట్టింగ్ ముట్టుకునే ముందు ఆగిపోయిన ఆర్డర్లు కొన్ని తీసి, ఒక్కోదానికీ టైములు రాసుకున్నా. గేట్‌వే డాష్‌బోర్డులో డబ్బు క్యాప్చర్ అయిన టైం, గేట్‌వే పంపిన వెబ్‌హుక్ (డబ్బు పడిందని వాళ్ళ సర్వర్ మన సర్వర్‌కి పంపే కబురు) మన సర్వర్ యాక్సెస్ లాగ్‌లో పడిన టైం, ఇన్‌వాయిస్ పెయిడ్‌గా మారిన టైం, రిజిస్ట్రార్ ఏపీఐకి (మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సాఫ్ట్‌వేర్‌ని పిలిచే దారి) మొదటి కాల్ వెళ్ళిన టైం, చివరగా రిజిస్ట్రీలో పేరు పుట్టిన టైం. చివరిది ఆర్‌డీఏపీలో (డొమైన్ వివరాలు చూపించే సర్వీసు) చూడాలి, .కామ్ లాంటి జనరిక్ డొమైన్లకి ఇదే పనికి వాడే పాత హూయిజ్ తప్పనిసరి కాదని, డొమైన్ల నియమాలు పెట్టే ఐకాన్ 2025 జనవరి 28 నుంచి తేల్చేసింది కాబట్టి ఆర్‌డీఏపీ అలవాటు చేసుకోవడమే మంచిది, అందులో రిజిస్ట్రేషన్ అనే ఈవెంట్ పక్కన సెకన్లతో సహా ఉంటుంది.

ఒక జాగ్రత్త, ఆర్‌డీఏపీ టైం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), సర్వర్ యాక్సెస్ లాగ్ కూడా యూటీసీ, డబ్ల్యూహెచ్ఎమ్‌సీఎస్ తెర మీద చూపించేది మన టైం. యూటీసీలో ఉన్నవాటికి 5 గంటల 30 నిమిషాలు కలిపి ఒకే గడియారానికి తెచ్చాకే పోల్చాలి, లేకపోతే డబ్బు కట్టకముందే డొమైన్ రిజిస్టర్ అయినట్టు కనిపించి బుర్ర తిరిగిపోతుంది. ఇలా రాసి పెట్టుకోగానే ఒక విషయం బయటపడింది, ఆలస్యం అన్నిట్లోనూ ఒకే చోట లేదు. కొన్నిట్లో డబ్బు పడ్డాక ఇన్‌వాయిస్ పెయిడ్ అవ్వడానికే గంటలు పట్టింది, కొన్నిట్లో ఇన్‌వాయిస్ వెంటనే పెయిడ్ అయింది గానీ రిజిస్ట్రార్‌కి కాలే వెళ్ళలేదు, కొన్నిట్లో కాల్ వెళ్ళి ఎర్రర్ వచ్చింది, రెండు మూడిట్లో అయితే రిజిస్ట్రీలో డొమైన్ ఎప్పుడో పుట్టేసింది, మన సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పెండింగ్ అనే ఉంది. ఇన్నాళ్ళూ అందరూ దీన్ని ఒకే జబ్బు అనుకుని ఒకే మందు వెతికారు. నాలుగు వేరు వేరు జబ్బులు ఇవి, ఒకదానికి వేసిన మందు ఇంకోదానికి పనిచేయదు.

ఆదివారం

క్రాన్ (సర్వర్‌లో చెప్పిన టైముకి పనులు తనంతట తనే నడిపేది) సంగతి ముందు తేల్చేయాలి, ఎందుకంటే ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏది ఆలస్యమైనా అందరూ మొదట అనేది "క్రాన్ నడవట్లేదేమో" అనే. నిజంగానే నడవట్లేదు కూడా. సర్వర్‌లో పీహెచ్‌పీ (ఈ సాఫ్ట్‌వేర్ రాసిన భాష) వెర్షన్ మార్చినప్పుడు వెబ్ వైపు పీహెచ్‌పీకి అయాన్‌క్యూబ్ లోడర్ పెట్టారు, కమాండ్ లైన్ పీహెచ్‌పీకి పెట్టలేదు, డబ్ల్యూహెచ్ఎమ్‌సీఎస్ కోడ్ అయాన్‌క్యూబ్‌తో ఎన్‌కోడ్ చేసి ఉంటుంది కాబట్టి లోడర్ లేకపోతే మొదటి లైనులోనే ఆగిపోతుంది. సైట్ బాగానే తెరుచుకుంటుంది, క్రాన్ మాత్రం ప్రతి ఐదు నిమిషాలకీ లేచి ఎర్రర్ కొట్టి పడుకుంటుంది, ఆ ఎర్రర్ కూడా ఎవరికీ కనపడదు ఎందుకంటే క్రాన్ లైను చివర అవుట్‌పుట్ అంతా డెవ్‌నల్‌లోకి, అంటే రాసిందల్లా మాయమయ్యే చోటికి, తోసేసి ఉంది. కమాండ్ లైన్‌లో పీహెచ్‌పీ పూర్తి పాత్ ఇచ్చి క్రాన్.పీహెచ్‌పీని చేత్తో నడిపితే ఒక్క సెకనులో తెలిసిపోయింది. లోడర్ పెట్టా, డెవ్‌నల్ తీసేసి ఒక లాగ్ ఫైల్‌కి రాయించా.

ఇంకోటి, రోజువారీ పనులు పొద్దున 9కి నడవాలని ఆటోమేషన్ సెట్టింగ్స్‌లో ఉంది, కమాండ్ లైన్ పీహెచ్‌పీ మాత్రం యూటీసీలో ఉంది, అంటే మన మధ్యాహ్నం రెండున్నరకి నడుస్తాయి. కమాండ్ లైన్ వైపు టైమ్‌జోన్ కూడా ఏషియా కోల్‌కతా పెట్టా.

కానీ ఇదంతా చేశాక కూడా నేను ఓనర్ గారికి స్పష్టంగా చెప్పింది ఏంటంటే, క్రాన్ బాగుపడితే రెన్యువల్ రిమైండర్లు, డొమైన్ సింక్, ఆటోమేటిక్ కార్డ్ ఛార్జీలు బాగుపడతాయి, కొత్త డొమైన్ ఆలస్యం బాగుపడదు. కొత్త రిజిస్ట్రేషన్ క్రాన్ కోసం ఎదురుచూడదు, ఇన్‌వాయిస్‌కి పేమెంట్ పడిన క్షణంలోనే, ఆ రిక్వెస్ట్‌లోనే రిజిస్ట్రార్ మాడ్యూల్‌ని (రిజిస్ట్రార్‌తో మాట్లాడే భాగం) పిలుస్తుంది. ఈ ఒక్క ముక్క తెలిసుంటే బోలెడు టైం మిగులుతుంది. ఇదివరకు ఎవరో క్రాన్‌ని ఐదు నిమిషాల నుంచి నిమిషానికి మార్చి చూశారట, ఏం లాభం.

సోమవారం

మొదటి రకం, డబ్బు పడింది, ఇన్‌వాయిస్ అన్‌పెయిడ్‌గానే ఉంది. బిల్లింగ్ మెనూలో గేట్‌వే లాగ్ తెరిస్తే ఆ ట్రాన్సాక్షన్ల ఊసే లేదు. గేట్‌వే లాగ్‌లో ఫెయిల్ అని ఉంటే అది ఒక సంగతి, అసలు ఎంట్రీయే లేదంటే కాల్‌బ్యాక్, అంటే ఆ వెబ్‌హుక్ కబురు, మన గుమ్మం దాకా రాలేదని అర్థం. గేట్‌వే డాష్‌బోర్డులో వెబ్‌హుక్ డెలివరీలు చూస్తే అన్నీ 403, అంటే లోపలికి అనుమతి లేదనే జవాబు. సైట్ ముందు పెట్టిన ఫైర్‌వాల్ సర్వీసులో బాట్లని ఆపే రూల్ ఒకటి ఉంది, బ్రౌజర్ అయితే ఛాలెంజ్ పేజీ దాటి వస్తుంది, గేట్‌వే సర్వర్ బ్రౌజర్ కాదుగా, పోస్ట్ రిక్వెస్ట్ కొట్టి 403 తీసుకుని వెళ్ళిపోతోంది. గేట్‌వే కొంచెం కొంచెం గ్యాప్ పెంచుకుంటూ మళ్ళీ మళ్ళీ పంపుతుంది, వాటిలో ఏదో ఒకటి రూల్ కంట పడకుండా లోపలికొస్తే అప్పుడు ఇన్‌వాయిస్ పెయిడ్ అవుతోంది. అందుకే గంటలు.

మరి అందరికీ ఎందుకు ఆగట్లేదు అనేది నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది. జవాబు కస్టమర్ ఫోన్‌లో ఉంది. ల్యాప్‌టాప్‌లో కార్డుతో కట్టినవాళ్ళు పేమెంట్ అయ్యాక అదే బ్రౌజర్లో మన సైట్‌కి తిరిగొస్తారు, ఆ తిరిగొచ్చే రిక్వెస్ట్‌లోనే గేట్‌వే మాడ్యూల్ సంతకం (కబురు నిజంగా గేట్‌వేదే అని రుజువు చేసే కోడ్) సరిచూసి ఇన్‌వాయిస్‌ని పెయిడ్ చేసేస్తుంది, వెబ్‌హుక్ రాకపోయినా పని జరిగిపోతుంది. ఫోన్‌లో యూపీఐతో కట్టేవాళ్ళు ఫోన్‌పేలోకో గూగుల్‌పేలోకో వెళ్తారు, పిన్ కొడతారు, టిక్కు మార్కు కనపడుతుంది, అయిపోయింది అనుకుని ఫోన్ జేబులో పెట్టేస్తారు, బ్రౌజర్‌కి తిరిగి రారు. వాళ్ళు తప్పు చేసినట్టు కాదు, డబ్బు వెళ్ళిపోయినట్టు చూపించాక మళ్ళీ బ్రౌజర్ తెరవాలని ఎవరికి తోస్తుంది. భీమవరం ఆయనది అచ్చంగా ఇదే. మన దగ్గర ఎక్కువమంది ఫోన్లోనే కొంటారు, యూపీఐలోనే కడతారు, అంటే వెబ్‌హుక్ అనేది ఇక్కడ అదనపు జాగ్రత్త కింద లెక్క కాదు, అదే అసలు దారి.

చేసింది: కాల్‌బ్యాక్ ఫోల్డర్ పాత్ ఒక్కదానికి మాత్రం బాట్ ఛాలెంజ్ తీసేశా. మొత్తం ఫైర్‌వాల్ ఆపేయమని తమ్ముడు అన్నాడు, వద్దన్నా, ఆ ఒక్క పాత్ చాలు, అక్కడ కూడా గేట్‌వే పంపే హెచ్‌మ్యాక్ సంతకాన్ని మాడ్యూల్ సరిచూస్తోందా లేదా అని తప్పు సంతకంతో ఒక రిక్వెస్ట్ పంపి పరీక్షించాకే వదిలా, ఎందుకంటే సంతకం చూడని కాల్‌బ్యాక్‌ని బయటికి తెరిస్తే ఎవరైనా ఉత్తుత్తి పేమెంట్ పంపి డొమైన్లు ఉచితంగా తీసుకుపోతారు.

దానికి తోడు వెబ్‌హుక్ ఏ కారణం చేత తప్పిపోయినా దొరకబుచ్చుకోవడానికి ఒక చిన్న స్క్రిప్టు రాశా, పది నిమిషాలకోసారి గేట్‌వే ఏపీఐని గడిచిన రెండు గంటల క్యాప్చర్లు అడుగుతుంది, మన దగ్గర ఇంకా అన్‌పెయిడ్‌గా ఉన్న ఇన్‌వాయిస్‌తో నంబరూ మొత్తమూ సరిపోతే ఏపీఐ ద్వారా పేమెంట్ ఎక్కిస్తుంది. ట్రాన్సాక్షన్ ఐడీ ముందే ఉందేమో చూడటం మర్చిపోకూడదు, లేకపోతే వెబ్‌హుక్ ఆలస్యంగా వచ్చినప్పుడు ఒకే డబ్బు రెండుసార్లు ఎక్కి కస్టమర్ ఖాతాలో క్రెడిట్ కనిపిస్తుంది, ఆ లెక్క విడదీయడం ఇంకో తలనొప్పి.

మంగళవారం

రెండో రకం తేలికగా దొరికింది. ఇన్‌వాయిస్ పెయిడ్, రిజిస్ట్రార్‌కి కాల్ లేదు. వరసగా చూస్తే అన్నీ ఈ మధ్య ధరల పట్టికలో కొత్తగా చేర్చిన ఎక్స్‌టెన్షన్లే (పేరు చివర .కామ్, .ఇన్ లాంటి తోకలు). డొమైన్ ప్రైసింగ్ పేజీలో ప్రతి ఎక్స్‌టెన్షన్ పక్కనా ఆటో రిజిస్ట్రేషన్ అనే గడి ఉంటుంది, అందులో రిజిస్ట్రార్ పేరు ఎంచుకోవాలి, ఏదీ లేదని ఉంటే సాఫ్ట్‌వేర్ మనిషి కోసం ఆగుతుంది, సెట్టింగ్ ఆన్‌లో ఉంటే చేయాల్సిన పనుల లిస్టులో ఒక ఎంట్రీ పెడుతుంది, అంతకుమించి అరవదు. చాలామంది హోస్టింగ్ ప్లాన్‌లో "మొదటి పేమెంట్ రాగానే సెటప్ చెయ్యి" అని టిక్ పెట్టేసి డొమైన్‌కి కూడా అదే వర్తిస్తుంది అనుకుంటారు, రెండూ వేరు వేరు సెట్టింగ్‌లు, హోస్టింగ్ ఖాతా టక్కున తయారై డొమైన్ మాత్రం ఆగిపోవడానికి ఇదే ఎక్కువసార్లు కారణం. అన్ని వరసలూ చూసి నింపా.

అదే పేజీలో ఉన్నాను కాబట్టి ఇంకోటి సరిచేశా, .ఇన్ డొమైన్లకి వివరాలు దాచే ప్రైవసీ సర్వీసు రిజిస్ట్రీ ఒప్పుకోదు, కానీ ధరల పట్టికలో ఐడీ ప్రొటెక్షన్ టిక్ పెట్టి అమ్ముతున్నారు. తీసేశా. ఇవ్వలేనిదానికి డబ్బు తీసుకోకూడదు.

బుధవారం

మూడో రకం, కాల్ వెళ్ళి ఎర్రర్ రావడం. దీనికి మాడ్యూల్ లాగ్ ఆన్ చేయాలి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే రిజిస్ట్రార్‌కి మనం పంపింది, వాళ్ళు తిరిగి చెప్పింది యథాతథంగా కనిపిస్తాయి. పని అయ్యాక ఆఫ్ చేయాలి, ఆ టేబుల్ చాలా తొందరగా పెరిగిపోతుంది, పైగా కస్టమర్ల వివరాలన్నీ అందులో ఉంటాయి.

ముందుగా బ్యాలెన్స్. రిజిస్ట్రార్ దగ్గర రీసెల్లర్‌కి, అంటే వాళ్ళ దగ్గర కొని అమ్మే మనకి, ఉండేది ముందే డబ్బు వేసుకునే వాలెట్, ఈపీపీలో కూడా దీనికి వేరే కోడ్ ఉంది, 2104, బిల్లింగ్ ఫెయిల్యూర్. సాయంత్రం కొన్ని రెన్యువల్స్ పడితే వాలెట్ అడుగంటుతుంది, ఆ తర్వాత రాత్రి కట్టిన కొత్తవాళ్ళందరూ ఆగిపోతారు. కస్టమర్ డబ్బు మన దగ్గరకి వచ్చేసింది, మన డబ్బు రిజిస్ట్రార్ దగ్గర లేదు, ఇది సాఫ్ట్‌వేర్ సమస్యే కాదు, రొటేషన్ సమస్య. గేట్‌వే నుంచి మన ఖాతాకి సెటిల్‌మెంట్ రావడానికి ఎలాగూ ఒకట్రెండు పనిదినాలు పడుతుంది, ఆ గ్యాప్‌కి సరిపడా ఎప్పుడూ వాలెట్‌లో ఉండాలి. ఓనర్ గారితో కూర్చుని శని ఆదివారాలు, పండగ సెలవలు కలిసొచ్చినప్పుడు ఎంత అవుతుందో లెక్కేసి కనీస బ్యాలెన్స్ ఒకటి పెట్టుకున్నాం, అది దాటి కిందకొస్తే రిజిస్ట్రార్ ప్యానెల్ నుంచి అలర్ట్ వచ్చేలా చేశాం. నెఫ్ట్ 2019 డిసెంబర్ 16 నుంచి రోజంతా, సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది కాబట్టి రాత్రి పూట అలర్ట్ వచ్చినా డబ్బు వెయ్యొచ్చు.

తర్వాత కాంటాక్ట్ వివరాలు. ఈపీపీలో ఫోన్ నంబర్ ఇలాగే ఉండాలి అని రూల్ ఉంది, ప్లస్, దేశం కోడ్, ఒక చుక్క, ఆ తర్వాత నంబర్. మనవాళ్ళు నంబర్ ముందు సున్నా కొడతారు, దేశం కోడ్ గడి విడిగా ఉన్నా మళ్ళీ +91 కొడతారు, ఇద్దరి నంబర్లు స్లాష్ పెట్టి ఒకే గడిలో రాస్తారు, రిజిస్ట్రార్ తిప్పికొడుతుంది.

ఒక కేసు మాత్రం నన్ను ఆలోచింపజేసింది, వరంగల్ నుంచి ఒకావిడ, చేనేత చీరలు అమ్ముతారు, పేరూ అడ్రసూ మొత్తం తెలుగులో టైప్ చేశారు. చక్కగా, ఒక్క తప్పు లేకుండా. మన సైట్ ఆర్డర్ తీసుకుంది, డబ్బు తీసుకుంది, రిజిస్ట్రేషన్ దగ్గర ఫెయిల్. ఈపీపీ కాంటాక్ట్ స్టాండర్డ్, ఆర్‌ఎఫ్‌సీ 5733, అడ్రసుని రెండు రూపాల్లో ఒప్పుకుంటుంది, ఒకటి అంతర్జాతీయ రూపం, అది ఆస్కీ (మామూలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులు) అక్షరాల్లోనే ఉండాలి, రెండోది స్థానిక రూపం, అందులో తెలుగు రాయొచ్చు. స్టాండర్డ్‌లో మన భాషకి చోటు ఉంది, కానీ ఈ రిజిస్ట్రార్ మాడ్యూల్ పంపేది మొదటి రూపం ఒక్కటే. ఆవిడ చేసినదాంట్లో ఏ లోపమూ లేదు, మన ఫామ్ ముందే చెప్పి ఉండాల్సింది.

ఈ రెండిటికీ మందు చెకౌట్ దగ్గరే వెయ్యాలి, డబ్బు కట్టకముందే. క్లయింట్ వివరాలు సరిచూసే హుక్‌లో (సాఫ్ట్‌వేర్ ఒక పని చేసేటప్పుడు మన కోడ్‌ని కూడా నడిపే చోటు) ఫోన్ నంబర్‌లో మొదటి సున్నా, రెండోసారి వచ్చిన 91 ఉంటే ఆపి సరిచేయమని చెప్పేలా, పేరు అడ్రసు గడుల్లో ఆస్కీ కాని అక్షరం ఉంటే "డొమైన్ రిజిస్ట్రీకి పంపడానికి ఈ వివరాలు ఇంగ్లీషు అక్షరాల్లో కావాలి, మీ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా రాయండి" అని తెలుగులోనే ఒక ఉదాహరణతో చూపించేలా పెట్టా. సంస్థ పేరు తెలుగులో వేసుకోవడానికి విడిగా ఒక కస్టమ్ ఫీల్డ్ ఇచ్చా, ఇన్‌వాయిస్ మీద అది వస్తుంది. ఆవిడకి తమ్ముడు ఫోన్ చేసి మాట్లాడి వివరాలు తీసుకుని అప్పటికప్పుడు రిజిస్టర్ చేశాడు, పేరు ఇంకా ఖాళీగానే ఉంది, బతికిపోయాం.

ఇక్కడే ఇంకో అనుమానం కూడా కొట్టేశా, ఐపీ అనుమతి. రిజిస్ట్రార్ ఏపీఐ మనం ముందే చెప్పిన ఐపీల నుంచి వస్తేనే పలుకుతుంది, సర్వర్‌కి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రసు) కూడా ఉంటే కొన్ని కాల్స్ అటునుంచి వెళ్ళి తిరస్కరణకి గురవుతాయి, ఒకసారి పనిచేసి ఒకసారి చేయకపోవడం అనే లక్షణానికి అచ్చం సరిపోతుంది ఇది. బయటికి వెళ్ళే ఐపీ రెండు రకాలుగానూ చూశా, రెండూ లిస్టులో ఉన్నాయి. కాదు.

గురువారం

నాలుగో రకం. నాకు అన్నిటికన్నా భయం వేసింది దీని గురించే.

రిజిస్ట్రీలో డొమైన్ పుట్టింది, మన దగ్గర పెండింగ్. తమ్ముడు పొద్దున రిజిస్టర్ నొక్కితే "ఈ డొమైన్ ఇప్పటికే ఉంది" అని ఎర్రర్, ఈపీపీలో 2302. ఆ ఎర్రర్ చూసి ఒక కస్టమర్‌కి "సారీ అండీ, మీ పేరు ఇంకెవరో తీసుకున్నారు" అని చెప్పి రీఫండ్ చేసేశారట ఇదివరకు. తీసుకున్న ఆ ఇంకెవరో మనమే. పేరు మన రిజిస్ట్రార్ ఖాతాలోనే, ఆ కస్టమర్ వివరాలతోనే ఉంది, ఆర్‌డీఏపీలో పుట్టిన టైం ఆయన డబ్బు కట్టిన నిమిషమే. ఆయన అక్కడ వేరే పేరుతో వ్యాపారం మొదలుపెట్టుకున్నాడు. ఈ సంగతి ఓనర్ గారికి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు ఆయన, తర్వాత తనే ఫోన్ చేసి ఆ పేరు ఉచితంగా ఇచ్చేస్తానని చెప్పారు.

ఎందుకు జరిగిందంటే, వెబ్ రిక్వెస్టులు నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్ లాగ్‌లో సమాధానం ఉంది, ఆ టైములో "ఎగ్జిక్యూషన్ టైమ్డ్ అవుట్, టెర్మినేటింగ్" అని లైన్లు. దాని పూల్ (రిక్వెస్టులు చేసే వర్కర్ల గుంపు) సెట్టింగ్‌లో ఒక రిక్వెస్ట్ 30 సెకన్లు దాటితే చంపేయమని ఉంది. ఒకే ఆర్డర్‌లో .కామ్, .ఇన్, .కో.ఇన్ మూడూ కొన్నవాళ్ళకి ఏమవుతుందంటే, పేమెంట్ కాల్‌బ్యాక్ రిక్వెస్ట్ లోపలే ఒకదాని తర్వాత ఒకటి రిజిస్టర్ అవుతాయి, ఒక్కోదానికీ కాంటాక్ట్ తయారు చేయడం, డొమైన్ తయారు చేయడం, మళ్ళీ హోస్టింగ్ ఖాతా సెటప్ కూడా, రిజిస్ట్రార్ ఏపీఐ కొంచెం నెమ్మదిగా ఉన్న రోజు 30 సెకన్లు ఇట్టే దాటిపోతాయి. రిజిస్ట్రార్ అవతల పని పూర్తి చేస్తుంది, జవాబు తిరిగొచ్చేలోపు ఇవతల వినేవాడు ఉండడు. మన డేటాబేస్‌లో యాక్టివ్ అని రాయాల్సిన లైను దాకా కోడ్ రానే రాదు.

కాల్‌బ్యాక్ పాత్‌కి విడిగా ఒక ఎఫ్‌పీఎమ్ పూల్ పెట్టి అక్కడ టైం 180 సెకన్లు ఇచ్చా, ముందున్న వెబ్ సర్వర్ ఎంజిన్‌ఎక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ టైం కూడా అంతే పెంచా, గేట్‌వే అవతల విసుగొచ్చి కనెక్షన్ తెంపేసినా లోపల పని ఆగకుండా క్లయింట్ అబార్ట్‌ని పట్టించుకోవద్దని సెట్ చేశా. మామూలు పేజీలకి 30 సెకన్లే ఉంచా, అందరికీ పెంచితే ఏదో ఒక రోజు వర్కర్లన్నీ ఇరుక్కుపోతాయి.

రెండోది, చేత్తో రీట్రై చేసే పద్ధతి మార్చాం. మాడ్యూల్ క్యూలో (ఫెయిల్ అయిన పనుల లిస్టు) ఏదైనా కనిపిస్తే నేరుగా రీట్రై నొక్కకూడదు. ముందు రిజిస్ట్రార్ ప్యానెల్‌లో మన ఖాతాలో ఆ పేరు ఉందా చూడాలి, ఉంటే ఇక్కడ స్టేటస్ యాక్టివ్ చేసి తేదీలు సింక్ చేస్తే సరిపోతుంది. మన ఖాతాలో లేదు, కానీ "ఇప్పటికే ఉంది" అంటోంది అంటే అప్పుడు ఆర్‌డీఏపీలో పుట్టిన టైం చూడాలి. కస్టమర్‌కి "పోయింది" అనే మాట ఈ రెండూ చూశాక మాత్రమే, అది కూడా ఓనర్ గారి నోటి నుంచే. తమ్ముడి టేబుల్ పక్కన గోడకి ప్రింట్ తీసి అతికించాం.

శుక్రవారం

కాపలా పెట్టే పని. క్రాన్ అయిపోయాక నడిచే హుక్‌లో ఒక చిన్న క్వెరీ: ఇన్‌వాయిస్ పెయిడ్ అయి పది నిమిషాలు దాటింది, ఇన్‌వాయిస్ ఐటమ్ రకం డొమైన్ రిజిస్టర్, డొమైన్ టేబుల్‌లో స్టేటస్ ఇంకా పెండింగ్, ఇలాంటివి ఉంటే టెలిగ్రామ్ గ్రూపుకి మెసేజ్, డొమైన్ పేరు, ఇన్‌వాయిస్ నంబర్, ఎన్ని నిమిషాలైంది. దీనికి తోడు రిజిస్ట్రేషన్ ఫెయిల్ అయిన వెంటనే పిలిచే హుక్ ఒకటి సాఫ్ట్‌వేర్‌లో ఉంది, అందులో ఎర్రర్ మెసేజ్‌తో సహా వెంటనే పంపిస్తున్నాం. రెండూ కావాలి, ఎందుకంటే మధ్యలో చంపబడిన రిక్వెస్ట్ ఫెయిల్ అని కూడా చెప్పలేదు కదా, దాన్ని పది నిమిషాల క్వెరీ ఒక్కటే పట్టుకోగలదు. క్రాన్ తనే ఆగిపోతే అన్నది మూడో ప్రశ్న, దానికి క్రాన్ లాగ్ ఫైల్ చివరిసారి ఎప్పుడు మారిందో వేరే సర్వర్ నుంచి చూసే ఒక చెక్ పెట్టా.

ఓనర్ గారి అనుమతితో టెస్టు ఆర్డర్లు కూడా వేశాం, ఫోన్‌లో యూపీఐతో కట్టి బ్రౌజర్ ట్యాబ్ కావాలనే మూసేసి ఒకటి, మూడు ఎక్స్‌టెన్షన్లు కలిపి ఒకటి. రెండూ టైములు రాసుకుంటే మొదటిది నిమిషంలోపే, రెండోది అంతకంటే కాస్త ఎక్కువ, కానీ మూడూ యాక్టివ్. టెస్టు .కామ్‌ని మొదటి ఐదు రోజుల యాడ్ గ్రేస్ పీరియడ్‌లో డిలీట్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుందేమో రిజిస్ట్రార్ షరతులు చూసుకుని చేశాం.

అదే రోజు ఇంకో రెండు టికెట్లు వచ్చాయి "డొమైన్ రాలేదు" అని, చూస్తే ఆలస్యమే లేదు. ఒకరిది రిజిస్టర్ అయిపోయింది, నేమ్‌సర్వర్లు (పేరు ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పేవి) కూడా సరిగ్గానే ఉన్నాయి, ఆయన కొనకముందు ఉందా లేదా అని బ్రౌజర్లో కొట్టి చూశారు, ఆ "లేదు" అనే జవాబుని ఆయన నెట్ కంపెనీ రిజాల్వర్ (పేరుకి అడ్రసు వెతికిపెట్టే సర్వర్) కాసేపు గుర్తుపెట్టుకుంటుంది. మొబైల్ డేటాలో తెరవమంటే తెరుచుకుంది. ఇంకోటి ఒక సహకార బ్యాంకు ఉద్యోగి, .బ్యాంక్.ఇన్ పేరు కావాలని. అది మన దగ్గర దొరకదు, మామూలు రిజిస్ట్రార్లు ఎవరి దగ్గరా దొరకదు, రిజర్వ్ బ్యాంకు 2025 ఏప్రిల్‌లో బ్యాంకులన్నీ అక్టోబర్ 31 కల్లా .బ్యాంక్.ఇన్‌కి మారాలని చెప్పినప్పుడే దానికి రిజిస్ట్రార్‌గా హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదాన్నే పెట్టింది. ఆయనకి ఆ సంగతి చెప్పి అటు పంపించాం, ఇలాంటి ప్రశ్నలకి రెడీగా జవాబులు రెండు తయారు చేసి తమ్ముడికి ఇచ్చా.

ఇంకా మిగిలింది ట్రాన్స్‌ఫర్లు, అంటే వేరే రిజిస్ట్రార్ నుంచి మన దగ్గరకి మారే డొమైన్లు. అవి ఐదారు రోజులు పట్టడం మామూలే కాబట్టి పది నిమిషాల రూల్ వాటికి పనికిరాదు, కోడ్ తప్పు ఇచ్చినవీ, లాక్ తీయనివీ, నిజంగా నడుస్తున్నవీ విడదీసి చూపించే క్వెరీ వేరే రాయాలి. వచ్చే వారం అది మొదలుపెడతా, అప్పటిదాకా టెలిగ్రామ్ గ్రూపు మ్యూట్ చేయొద్దని అందరికీ చెప్పా.